రాణి అడిగిన రాళ్లు

సముద్రం ఒడ్డున మా పుయెర్తో ఒబిస్పో ఊళ్లో కోటంటే ఎవరికీ భక్తి లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. గోడల ముందు టోపీ తీసి నిట్టూర్చేది ఓడల్లో దిగే సందర్శకులు. మేం ఆ గోడల మీద బట్టలారేసుకుంటాం. పెరూ వెండి సముద్రపు దొంగల పాలు కాకుండా స్పెయిన్ వాళ్లు కట్టించుకున్న కోట అది. కట్టింది మాత్రం ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చిన మనుషులు. నీళ్లలో మునిగి పగడపు రాయి కోసి, భుజాన మోసి, సున్నం కాల్చి కట్టారు. వాళ్లలో సందు దొరికినవాళ్లు వెనక కొండల్లోకి పారిపోయారు. మేం ఆ పారిపోయినవాళ్ల సంతతి. వెండి పోయింది, స్పెయిన్ పోయింది, కోట మా నెత్తిన పడింది.

దాన్ని మేం ముఖ్యంగా ఒక పనికి వాడుకున్నాం, వెక్కిరించడానికి. జనవరిలో సెబాస్టియన్ స్వామి పండగనాడు కోట మధ్యలో జెండా ఎత్తితే, నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం దాకా కోంగో ఆట నడుస్తుంది. మగవాళ్లు చొక్కాలు తిరగేసి తొడుక్కుని, మొహాన బొగ్గు పూసుకుని స్పెయిన్ దొరల్లా మెడ నిక్కించి నడుస్తారు. ఆడవాళ్లు పాడతారు. తాడు పట్టుకుని దారి కాసి, దొరికినవాణ్ణి కట్టి రాణి ముందు నిలబెడతారు. రాణి అడిగింది ఇచ్చి విడిపించుకోవాలి. ఒక సీసా రమ్ము, ఒక అరటిగెల, ఏదీ లేకపోతే ఒక పాట. ఇవ్వననే మొగాణ్ణి మళ్లీ పండగ వచ్చేదాకా ఊరు బతకనివ్వదు. ఒకప్పుడు పట్టుబడ్డవాళ్లం కనక ఇప్పుడు పట్టే సరదా మాది.

ఆ రాణి సెలెదోనియా గోండోలా. పగలు బడి వంటశాలలో పిల్లలకి కొబ్బరిపాలన్నం వండుతుంది. వాళ్లమ్మా రాణే. అమ్మ పోయాక అద్దాలు పొదిగిన తగరపు కిరీటం సెలెదోనియా నెత్తికెక్కింది, గరిట చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరితో కాపురం చేసింది. మొదటివాడు సరుకుల ఓడెక్కి మళ్లీ దిగలేదు. రెండోవాణ్ణి తనే పంపేసింది. ఆట రోజుల్లో ఇంట్లో అన్నం ఎవరు వండుతారని అడిగాడట. ఆమెని త్యాగమూర్తి అని ఎవరైనా అంటే నమ్మకండి. డొమినోస్ ఆటలో దొంగాట ఆడుతుంది, పట్టుకుంటే పోట్లాడుతుంది, ఓడినా ఒప్పుకోదు. ఈ కథలో ఆమెకి పనికొచ్చింది ఈ చివరి గుణమే.

ఆ ఏడు డిసెంబరులో ఉత్తరపు గాలికి కెరటాలు లేచి, సముద్రం వైపు గోడ ఒక చోట కూలింది. ఫిరంగి మూతులు బయటపెట్టే రెండు కంతల మధ్య నోట్లో పళ్లూడినట్టు ఖాళీ. కింద ఎవరూ లేరు గనక సరిపోయింది. కొత్త సంవత్సరం రాగానే రాజధాని నుంచి పాత కట్టడాల ఆఫీసు ఆర్కిటెక్టు తెహాదా వచ్చాడు. మనిషి మంచివాడు, పని తెలిసినవాడు, కాకపోతే ఆఫీసు నేర్పిన ఉపన్యాసం ఒకటి ఉంది. బడి వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి వారసత్వం గురించి మొదలెట్టాడు. సెలెదోనియా చేతులు తుడుచుకుంటూ వంటశాలలోంచి వచ్చింది.

"అయ్యా, అది తర్వాత వింటాం. కోటకి కంచె వేస్తారా, వెయ్యరా?"

తెహాదా తడబడ్డాడు. "గోడ ఇలాగే ఉంటే వెయ్యాలమ్మా. రేపు ఎవరి మీదైనా పడితే నా పీకకి చుట్టుకుంటుంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"బాగుచేసేదాకా."

"బాగుచేసేదెప్పుడు?"

తెహాదా బల్ల మీది ఈగని తోలాడు. తాత్కాలికంగా వేసే కంచెల సంగతి మాకు తెలుసు. ఏటి మీది పాత వంతెనకి వేసిన కంచె మీద ఇప్పుడు తీగలు పాకి పూలు పూస్తున్నాయి. కోటకి కంచె పడిందంటే కోంగో ఆట కోటలో ఆడడం అయిపోయినట్టే.

"బంతాట మైదానంలో ఆడుకోవచ్చుగా," అన్నాడు సారా కొట్టు నికనోర్.

"చెరువులో చేప వీధిలో ఈదొచ్చుగా," అంది సెలెదోనియా.

అప్పుడు తెహాదా అసలు ఇబ్బంది చెప్పాడు. తాపీపనివాళ్లున్నారు, సున్నం ఉంది, బూడిద బుధవారం దాకా ఇక్కడే ఉంటారు. ఆ తర్వాత వాళ్లని వేరే చోటికి పంపాలి. లేనిది రాయి. సిమెంటు వాడకూడదు, వాడితే ఉప్పు లోపలే చిక్కుకుని పాత రాయి పిండైపోతుంది. కొత్త పగడం కొయ్యడానికి చట్టం ఒప్పుకోదు. "పాత కోట రాయే కావాలి. అదెక్కడుందో ఎవరైనా చెబితే..."

వరండాలో ఉన్న అందరం ఒక్కసారి కాళ్లకేసి చూసుకున్నాం. బడి మెట్టు కోట రాయి. మా గడపలు కోట రాళ్లు. పొయ్యిరాళ్లు, చాకిరేవు బండలు, పందుల దొడ్డి మూలలు, అన్నీ అవే. మా తాతల నుంచీ ఎవరికి ఏ రాయి కావలిస్తే వాళ్లు గునపం పట్టుకుని కోటకెళ్లారు. స్పెయిన్‌ని సముద్రపు దొంగలు దోచారని పుస్తకాల్లో రాస్తారు గానీ, తీరిగ్గా, ఇంటికవసరమైనంత మాత్రం దోచింది మేమే.

"ఎక్కడుందో నాకు తెలుసు," అంది సెలెదోనియా. "పండగ రానీ."

జెండా ఎత్తిన రోజు కోట మధ్యలో కుర్చీ వేసుకుని, కిరీటం సర్దుకుని ప్రకటించింది. ఈ ఏడు రమ్ము వద్దు, గెలలు వద్దు. పట్టుబడ్డ ప్రతివాడూ ఒక కోట రాయి ఇచ్చి విడిపించుకోవాలి.

డప్పు ఆగిపోయింది. ముందు నోరు తెరిచింది నికనోరే.

"ఏం వదినా, మతి పోయిందా? మన ముత్తాతల వీపులు చీల్చి కట్టించిన గోడ అది. కూలితే చప్పట్లు కొట్టాలి గానీ, మనమే రాళ్లెత్తాలా? స్పెయిన్ రాజు చెప్పి పంపాడా నీకు?"

కొందరు అవునవునన్నారు. నికనోర్ మాటలో తప్పు లేదు కూడా. సెలెదోనియా తల ఊపి విని, అడిగింది.

"కూలింది సరే. చప్పట్లూ కొట్టావు. మర్నాడు చొక్కా తిరగేసుకుని దొరలాగా ఎవరి ముందు ఎగురుతావు?"

"ఎవరి ముందో ఎందుకూ?"

"గోడ ఎదురుగా ఉంటేనే అది వెక్కిరింత. ఖాళీ మైదానంలో ఎగిరితే నిన్ను చూసి నికనోర్‌కి పిచ్చెక్కిందంటారు. ఇప్పుడూ అంటున్నారనుకో, అప్పుడు సాక్ష్యం కూడా దొరుకుతుంది."

నవ్వుల్లో అతని మాట కొట్టుకుపోయింది. కానీ నికనోర్ మర్చిపోయే రకం కాదు.

రాణి పక్కన రాజు వేషం ప్లాసిదోది. చేపలు పట్టుకునే మనిషి, సెలెదోనియా కూతురికి జ్ఞానస్నానపు తండ్రి, అందుకని ఆమెకి బావ. తాళ్లు పట్టుకున్న జట్టుకి నాయకుడతనే. కొద్ది రోజుల్లోనే కోటలో రాళ్ల గుట్ట లేచింది. తాపీపనివాళ్లు గోడ అడుగు కట్టడం మొదలెట్టారు. అడుగడుగునా గొడవలే. మా వీధిలో ఉబాల్దినా అయితే గడపరాయి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఈ రాయి మీదే మా అమ్మ నన్ను కంది వదినా, ఎలా ఇవ్వమంటావు?"

"కొలోన్ పట్నం ఆస్పత్రిలో పుట్టానని మొన్నటిదాకా గొప్పలు పోయావుగా!"

"నొప్పులు మొదలైంది ఈ రాయి మీదే!"

ఒక మధ్యాహ్నం తెహాదా గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని రాళ్లు తిరగేస్తున్నాడు. కాసేపటికి సెలెదోనియాని పిలిచాడు.

"ఈ రాళ్లు ఎవరింటివమ్మా?"

"ఊళ్లోవాళ్లవి."

"పొయ్యిరాయికి మసుంటుంది. చాకిరేవు బండ ఒక పక్క నున్నగా అరిగిపోతుంది. వీటికి నాచుంది, పక్కల పాత సున్నం అప్పుడే పగలగొట్టినట్టుంది. ఇవి ఇళ్లల్లోంచి రాలేదు."

సెలెదోనియా తిన్నగా కొండమీదికి నడిచింది. మేం వెనకాల. కొండమీద కోట తాలూకు పై బురుజు ఉంది, పొదలు కమ్మేసి ఎవరూ పోని చోటు. అక్కడ గోడకి పచ్చిపుండులాంటి కంత. గునపం గుర్తులు ఇంకా తెల్లగా ఉన్నాయి. కింది కంత పూడ్చడానికి పైన కంత పెట్టారు. ఇలాంటి పొరపాటు మా ఊరివాళ్లే చెయ్యగలరు.

ఆ సాయంత్రం రాణి కొలువు తీరింది. ఆటలో కొలువంటే నవ్వులాట, శిక్షలు కూడా నవ్వులాటే. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ప్లాసిదో కాగితప్పూల టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నేనే వదినా. కుర్రాళ్లని అనకు."

"ఎందుకు బావా?"

"ఉబాల్దినా ఇంటికెళ్లా. గునపం ఎత్తా. తిట్టుంటే తవ్వేసేవాణ్ణి. తిట్టలేదు, కాఫీ ఇచ్చింది. కాఫీ తాగాక ఆడమనిషి గడప ఎలా తవ్వను? పై బురుజు ఊరికే పడుంది. అదీ కోటే, ఇదీ కోటే. కోట రాయి కోటకిచ్చాం, అనుకున్నా."

"కుడికన్ను పీకి ఎడమకన్నులో పెట్టినట్టుంది బావా."

తెహాదా ఒక పక్క నిలబడి అంతా విన్నాడు. "అమ్మా, ఇది నేను పైకి చెప్పకుండా ఉండలేను. చెబితే రేపే కంచె వెయ్యమంటారు."

"చెప్పండి. దాచమనను," అంది సెలెదోనియా. "కానీ మీ పనివాళ్లు బూడిద బుధవారం దాకా ఎలాగూ ఇక్కడే తింటారు. కూర్చోబెట్టి తిండి పెడతారా, పని చేయించి పెడతారా? పైన తీసినవి పైకే మోయిస్తాను. కింది గోడ ఆ రోజుకి నిలబడకపోతే మీ కంచెకి గుంటలు నేనే తవ్విస్తా."

తెహాదా ఆలోచించాడు. "బుధవారం పొద్దున గోడ పరీక్షించాకే పైకి రాస్తాను. అంతే."

మర్నాటినుంచి ప్లాసిదో, అతని జట్టూ తిరగేసిన చొక్కాలతోనే రాళ్లు కొండెక్కించారు. రాళ్ల గుట్ట సగానికి తరిగింది. అప్పుడు ఉబాల్దినా, గడప మీది నుంచి లేవకుండానే, ఊరు మనసులో ఉన్నమాట బయటపెట్టింది.

"అందరి గడపలూ అడిగావు సరే. మీ వంటింటి వెనకగోడ మాటేంటి వదినా? అది నిమ్మకాయలతో కట్టారా?"

ఆ గోడ మొత్తం కోట రాయే. సెలెదోనియా తల్లి కడుపుతో ఉండి మోసిన రాళ్లు. మా ఊళ్లో అంత చక్కటి గోడ మరొకటి లేదు, ఆ గోడ ఉన్నందుకు ఆ వంటింట్లో ఉత్తరపు గాలికి పొయ్యి ఆరదు. సెలెదోనియా ఇంటికెళ్లిపోయింది. తలుపేసుకుంది. ఆమె పాట ఎత్తకపోయేసరికి ఆ పూట ఆట జరగలేదు.

తెల్లారాక గిన్నెలన్నీ వీధిలో పెట్టి ఉన్నాయి. నీళ్ల డ్రమ్ము మీద గునపం.

"బావా, పైనుంచి మొదలెట్టు. కొంచెం మెల్లిగా, మా అమ్మ పని గట్టిది."

"కాఫీ ఇయ్యవా?" అన్నాడు ప్లాసిదో.

"ఇస్తే తవ్వవుగా నువ్వు."

ఎండెక్కేసరికి వంటింట్లోంచి సముద్రం కనిపిస్తోంది. గాలికి పొయ్యిలో బూడిద ఇల్లంతా ఎగురుతోంది. ఆమె త్యాగానికి ఊరి మనసు కరిగిపోయిందని రాస్తే బాగుంటుంది. కరగలేదు. సిగ్గుపడింది. సిగ్గు దయ కంటే తొందరగా పనిచేస్తుంది. పొద్దుగూకే లోపు ఉబాల్దినా గడపరాయి దానంతటదే కోటకొచ్చింది. మోసుకొచ్చినవాణ్ణి, "అంచు విరిగితే నీ కాలు విరుగుతుంది" అని ఉబాల్దినా దారి పొడుగునా హెచ్చరిస్తూనే ఉంది. దాని వెనక పొయ్యిరాళ్లు, బండలు, దొడ్డి మూలలు. గోడ మనిషెత్తు దాటింది.

ఇక మిగిలింది కూలిన చోటుని ఆనుకున్న ఫిరంగి కంత అడుగుభాగం. దానికి చిన్నరాయి పనికిరాదు. బల్లంత పొడుగున్న దిమ్మలు రెండు కావాలి, లేకపోతే పైన కట్టింది నిలవదని తెహాదా చెప్పాడు. అంత పెద్ద దిమ్మలు ఊళ్లో ఒక్కచోటే ఉన్నాయి. నికనోర్ సారా కొట్టులో, గ్లాసులు పెట్టే పెద్ద బల్ల కింద.

నికనోర్‌ని తాడుతో పట్టాలి. అతను దొరకడే. ఆట మొదలైనప్పటినుంచీ కొట్టు దాటి అడుగు బయటపెట్టలేదు. కోంగో తాడు ఎవరి గడపా దాటదు, అది మా కట్టు. ఇళ్లల్లో దూరి మనుషుల్ని పట్టుకుపోయింది బానిసల వేటగాళ్లు, ఆ పని మేం ఆటకి కూడా చెయ్యం. నికనోర్ ఆ కట్టు నీడన కూర్చుని గ్లాసులు తుడుచుకుంటున్నాడు. సంబరాల ఆఖరి మంగళవారం వచ్చేసింది. జట్టంతా డప్పులతో కొట్టు ముందు చేరింది. లోపల తాగేవాళ్లు, బయట పాడేవాళ్లు, మధ్యలో గడప.

"రా బయటికి, నీ కోసం పాట కట్టాం!" అని ప్లాసిదో అరిచాడు.

"ఇక్కణ్ణించే వినపడుతోంది. శ్రుతి కూడా కుదర్లేదు."

సెలెదోనియా కిరీటంతో గడప దాకా వచ్చి ఆగింది. "నికనోర్, ఆ దిమ్మలు రెండూ కావాలి."

"తాడు గడప దాటదు వదినా. కట్టు మీ అమ్మ చెప్పిందే. నువ్వే మీరతావా?"

"మీరను." కాసేపు లోపలికి చూసింది. నికనోర్ బల్లకి ఆనుకుని ఉన్నాడు. "ఆ బల్ల కింద ఉన్నది ఏం రాయి?"

"కోట రాయి. మా ముత్తాత తెచ్చాడు. ఊరందరికీ తెలుసు."

"గడప?"

"అదీ కోటదే."

"కింద పరిచింది?"

నికనోర్‌కి ఎక్కడో అనుమానం తగిలింది. "అయితే ఏంటి?"

"కోటలో తాడుకి హద్దుందా?"

జనం ఒక్క క్షణం ఆలోచించుకున్నారు. కోట లోపల ఎవరినైనా ఎక్కడైనా పట్టొచ్చు. అక్కడ గడపలు లేవు.

"లేదు!" అని ముందు అరిచింది ఉబాల్దినా.

"అయితే నికనోర్ ఇంట్లో లేడు. ఇన్నాళ్లూ కోటలోనే కూర్చున్నాడు, పాపం తనకే తెలీదు. బావా, తాడు!"

లోపల తాగేవాళ్లే ముందు లేచి దారిచ్చారు. ప్లాసిదో తాడు వేసేసరికి నికనోర్ చేతిలో గ్లాసు ఇంకా అలాగే ఉంది. తిట్టాడు, గింజుకున్నాడు, ఇది అన్యాయమని అందరి మొహాలకేసీ చూశాడు. ఒక్క మొహంలోనూ జాలి కనపడలేదు, నవ్వే ఉంది. చివరికి అతనికీ నవ్వొచ్చింది, దాన్ని ఆపుకోవడానికి ఇంకో నాలుగు తిట్లు తిట్టాడు.

"బల్ల పీకేస్తే ఈ మంగళవారం నా వ్యాపారం ఏం గాను? ఏడాదికి ఇదొక్కటే రోజు!"

"సీసాలు తెచ్చి కోట గోడ మీద పెట్టుకో. ఊరంతా అక్కడే ఉంటుంది. ప్లాసిదో ఇటుకలతో నీకు కొత్త అరుగు కడతాడు."

"వీడా? వీడు పక్కింటి అరుగు పీకి నాకు కడతాడు!"

దిమ్మల్ని దుంగల మీద దొర్లించుకుంటూ వీధంతా లాక్కెళ్లాం. తాడు ఒక కొస నికనోర్ కూడా పట్టుకున్నాడు. తన రాయి పగలకుండా చూసుకోవడానికేనట. తాపీపనివాళ్లు దీపాల వెలుగులో తెల్లారేలోపు వాటిని కంతలో కూర్చోబెట్టారు.

బూడిద బుధవారం పొద్దున నుదుటి మీద బూడిద బొట్టుతో తెహాదా వచ్చాడు. వెనక లారీలో కంచె గొట్టాలు, వల చుట్టలు. గోడ పొడుగునా నడిచాడు. తాపీ సుత్తితో ఒక్కో రాయీ తట్టి చెవి పెట్టి విన్నాడు. కంత అడుగు దిమ్మల మీదికెక్కి నిలబడి రెండుసార్లు గెంతాడు కూడా. సెలెదోనియా కిరీటం లేకుండా, బడి వంట గుడ్డ నడుముకి చుట్టుకుని, చేతులు కట్టుకుని చూస్తోంది. వంకర టింకరగా, మసి మరకలతో, సబ్బు తెలుపుతో, ఒక చోట ఎవరో చిన్నప్పుడు చెక్కుకున్న పేరుతో ఉంది గోడ. అందమైన గోడ కాదు.

"నిలుస్తుంది," అన్నాడు తెహాదా కిందికి దిగి. "ఇక్కడ కంచె అక్కర్లేదు. పై బురుజుకి మాత్రం వేస్తానమ్మా. ప్లాసిదో చేతికి అందకుండా."

"పైన వేసుకోండి. మా ఆట అక్కడ కాదు."

అప్పటికే కోట వాకిట్లో ఆట ముగింపుకొచ్చే ఎర్రముసుగుల దయ్యాల వేషాలు కొరడాలు ఝళిపిస్తున్నాయి. ఈ రోజు వాటిని పట్టి జ్ఞానస్నానం చేయిస్తేగాని ఆట పూర్తికాదు. ఆడవాళ్లు పాటకి గొంతు సర్దుకుంటూ రాణి కోసం చూస్తున్నారు. ఆమె మాత్రం లారీ చుట్టూ తిరిగి లోపలికి తొంగిచూసింది.

"మిగిలిన గొట్టాలేం చేస్తారు?"

"వెనక్కి పట్టుకెళ్లాలి. ప్రభుత్వానివి."

"నాలుగు దింపండి. నా వంటింటికి గోడ లేదు, రేకులు నిలబెట్టడానికి స్తంభాలు కావాలి."

"అమ్మా, ప్రభుత్వ సొత్తని చెబుతున్నా కదా!"

"కోట రాళ్లు కూడా ప్రభుత్వానివేగా. ఇన్నేళ్లు మా ఇంట్లో జాగ్రత్తగా ఉన్నాయి, కావాలంటే ఇచ్చేశాం. ఇవీ ఉంటాయి. బావా, దింపు."

తెహాదా లారీ డ్రైవరుకేసి చూశాడు. డ్రైవరు సముద్రంకేసి చూశాడు. ప్లాసిదో దింపడం మొదలెట్టాడు.